చయనులు గారు అడ్డు చెప్పని రోజు

కాకినాడ ప్లీడరు చయనులు గారికి ఒక అలవాటు ఉండేది. జూనియరు ఏ కేసు తయారుచేసుకొచ్చినా తాను ఎదుటి పక్షం వకీలై కూర్చునేవారు. మూడు వాక్యాలు సాగనిచ్చేవారు కాదు. బల్ల మీద అరచేత్తో చరిచి "అభ్యంతరం!" అనేవారు. దేవుడు దిగొచ్చి సాక్ష్యం చెప్పినా క్రాస్ చెయ్యకుండా వదలొద్దన్నది ఆయన పాఠం. ఆ చరుపులకు తట్టుకోలేక గుమాస్తా ఉద్యోగాలు వెతుక్కున్నవాళ్లున్నారు. నిలబడ్డవాళ్లు మాత్రం రాటుదేలారు.

అలా నిలబడ్డవాడు తలాటం గన్నెయ్య. బెయిలు రాదని అందరూ చేతులెత్తేసిన కేసుల్లో బెయిలు తెచ్చాడు. జైళ్లలో మగ్గే పేదల కోసం వాదించి వాదించి జనంలోకి వెళ్లాడు. జనం అతన్ని ఢిల్లీకి పంపితే, ఢిల్లీ హోంమంత్రిని చేసి కూర్చోబెట్టింది. ఇప్పుడతను ఒక బిల్లు తెస్తున్నాడు. దేశానికి ముప్పు అని అనుమానం వస్తే చాలు, మనిషిని ఏడాదిపాటు లోపల పెట్టొచ్చు. బెయిలూ ఉండదు, వకీలూ ఉండడు. మంత్రివర్గంలో ఒక్కరూ నోరెత్తలేదు. గెలిచినందుకు సంతోషించాల్సింది పోయి, అతనికి ఎందుకో గుబులు పట్టుకుంది. సభలో పెట్టేముందు గురువుగారి చేత ఒకసారి దులిపించుకుందామని కాకినాడ వచ్చాడు.

"గురువుగారూ, ఇందులో లొసుగెక్కడుందో చెప్పండి" అని చదవడం మొదలుపెట్టాడు.

మూడు వాక్యాలయ్యాయి. బల్ల చప్పుడు కాలేదు. పేజీ తిరిగింది, మరో పేజీ తిరిగింది. గన్నెయ్య చదవడం ఆపాడు. తలెత్తి చూస్తే చయనులు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. తాను వచ్చినప్పటినుంచీ ఆయన నిలబడే ఉన్నారనీ, ఆయన కుర్చీలో కూర్చున్నది తాననీ అప్పుడు తెలిసింది.

"బాగుందండి" అన్నారాయన.

"వకీలు లేకుండా ఏడాదండీ! మీరొప్పుకుంటారా?"

"తమరు రాశాక మేమనేదేముంటుంది బాబూ."

'ఒరేయ్' అని తప్ప పిలిచి ఎరగని నోరది. ముసలాయన కళ్లు గన్నెయ్య భుజం మీదుగా వరండాలోకి పోయి, అక్కడ తుపాకులతో నిలబడ్డ అతని అంగరక్షకుల మీద ఆగి, గబుక్కున నేలకు దిగిపోయాయి. ఆ చూపు గన్నెయ్యకు కొత్త కాదు. పోలీస్ స్టేషన్ గచ్చు మీద కూర్చున్న తన క్లయింట్ల కళ్లలో ఎన్నోసార్లు చూశాడు. అప్పుడు వాళ్ల పక్కన నిలబడి చూశాడు, ఇప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. మంత్రివర్గంలో అంతమంది ఎందుకు తలలూపారో తలుచుకుంటే అతనికి నిజంగా భయమేసింది.

ఉన్నపళాన లేచి, ఆయన రెండు చేతులూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆయన అంచున కూర్చున్నారు. బల్ల చరిచే చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది.

"గురువుగారూ, ఒట్టేసి చెప్పండి. ఇది నాకు చెబుతున్న పాఠమా? లేక నిజంగానే నేనంటే భయపడుతున్నారా?"

చయనులు గారు మరోసారి వరండా వైపు చూశారు.

"ముందు ఆ కాగితాలు చింపండి బాబూ. ఆ తరవాత అడగండి."