సేనాపతిగారి బంతికర్ర

బంతికర్రలు చెక్కడంలో ఈ రాజ్యంలో నన్ను మించినవాడు లేడు. ఆ పని చేసేది నేనొక్కణ్ణే లెండి.

బంతిని కర్రతో కొట్టి దూరాన జెండా దగ్గరికి చేర్చడం మా రాజుగారికి ఇష్టమైన ఆట. సేనాపతి తిమ్మరాయుడుగారు కొడితే మాత్రం బంతి పొదల్లోకే పోయేది. "ఒరే గురవయ్యా, మల్లయోధులు తిప్పే గద కంటే బరువైన కర్ర చెయ్యి. రేపు గురి తప్పిందా, నువ్వు ఊరొదిలి పోవాల్సిందే!" అన్నారు.

మర్నాడు ఆటస్థలంలో, రాజుగారి ముందే సన్నటి కర్ర ఇచ్చాను.

"ఏంట్రా ఈ పుల్ల?"

"బరువైనదైతే కర్రే కొడుతుంది దొరా. దీంతో కొట్టేది తమరి చెయ్యి. చేతిలో సత్తువ లేదంటే చెప్పండి, మార్చేస్తాను" అన్నాను, రాజుగారికి వినబడేలా.

ఆయన పళ్లు కొరికి కొట్టారు. ఎప్పుడూ బరువు కర్ర ఎత్తి తూలిపోయే ఆయన, ఈసారి తూలలేదు. బంతి తిన్నగా వెళ్లి జెండా పక్కన ఆగింది.

"నా చేతి వాటం కనిపెట్టావురా!" అంటూ నన్ను కౌగిలించుకుని, తన శాలువా తీసి నాకే కప్పారు. ఆ మంచితనం ఎన్నటికీ మరవను.

అందుకే నిజం ఆయనకి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నేను మొదలుపెట్టింది బరువు కర్రే. పక్కింటామెతో కబుర్లలో పడి, చూసుకోకుండా అంత సన్నగా చెక్కేశాను.