ఎర్ర సాల్వియాకు ఎలుగుబంటి కాపలా

ఉక్కలకోన అడవిలో గాలికి కూడా చెమట పడుతుంది. అక్కడ జింకలు, కుందేళ్ళు, ఏదుపందులు, బొటనవేలంత తేనెపిట్టలు ఉండేవి. బలముంది కనుక అడవి తనదే అనుకునే ఎలుగుబంటి బల్లన్న కూడా ఉండేవాడు.

ఒక ఏడాది వరద ఏ తోటనుంచో సాల్వియా అనే ఒక పూలమొక్కను మోసుకొచ్చింది. అది వాగు గట్టున నాటుకుంది. ఎండలకు అడవిలో పువ్వులన్నీ మాడిపోయినా, అది ఒక్కటే నిలువెల్లా ఎర్రని గుత్తులు వేసింది. జంతువులు నోళ్ళు తెరిచి చూశాయి. తేనెపిట్టల ప్రాణాలు ఆ తేనె మీదే నిలిచాయి.

బల్లన్న మొక్క ముందు బైఠాయించాడు. "ఇక దీనికి కాపలా నేనే. నా అనుమతి అడిగి తాగండి," అన్నాడు.

"పువ్వు ఎవరిది మామా? పుప్పొడి మోసేవాళ్ళది కాదా?" అంది తిరిపి అనే తేనెపిట్ట.

"మోయండి, వద్దన్నానా? అడిగి మోయండి."

ఆకలి అడిగించింది.

బల్లన్న రోజూ మొక్కకు దోసిళ్ళతో నీళ్ళు పోసేవాడు. మొదలు చుట్టూ బురద, ఎండుటాకులు గుట్టగా ఎగదోసేవాడు.

అది చూసి ములుకమ్మ అనే ఏదుపంది వచ్చింది. "అన్నా, మొదలు దగ్గర నీళ్ళు నిలిస్తే ఇది బతకదు. గాలి ఆడనీ. వానలు పడేలోగా నాలుగు కొమ్మలివ్వు, వేరేచోట నాటుతాను."

"ఇవాళ కొమ్మంటావు, రేపు మొక్కంటావు. నడువు."

ఆ సాయంత్రం బల్లన్న అటు నుంచి ఇటు పొర్లితే రెండు కొమ్మలు విరిగాయి. "చెత్త" అని వాగులోకి తన్నాడు. ములుకమ్మ వాటిని పట్టుకుంది. కణుపుల కింద పళ్ళతో ముక్కలు చేసింది. కింది ఆకులు తీసేసింది. పూలగుత్తినీ తుంచింది.

"తేనె ఉన్నదాన్నే తుంచేస్తావా అత్తా?" అంది తిరిపి.

"అదుంటే కొమ్మ దాన్నే సాకుతుందే. వేరు గురించి ఆలోచించదు."

గాలి తగిలే బండనీడలో, తడి ఇసుకలో, తన ముల్లుతో గుంటలు పొడిచి ముక్కలు గుచ్చింది.

వానలు పట్టుకున్నాయి. కోనంతా ఆవిరి కమ్మింది. బల్లన్న మొక్క మొదలు నల్లబడి ఒరిగింది. లేస్తుందేమోనని అతను ఇంకా నీళ్ళు పోశాడు. పట్టి లాగితే కుళ్ళిన కాడ ఊడి చేతిలోకి వచ్చింది.

ఆకలిగొన్న తేనెపిట్టలు బండ దగ్గరికి ఎగిరాయి. పుల్లలన్నీ చిగురించి ఉన్నాయి. ములుకమ్మ ఒకదాని చుట్టూ ఇసుక మెల్లగా తొలిచింది. ఆకులు తీసేసిన కణుపు నుంచి, సాలెపోగుల్లా తెల్లని వేర్లు. విత్తనం లేదు. తల్లి లేదు. విరిచి తన్నేసిన పుల్ల తనకు తానే ప్రాణం పోసుకుంది.

"నాకొకటి ఇవ్వవా చెల్లీ?" అన్నాడు బల్లన్న, వెనకనుంచి.

"నీకివ్వను, కోనకిస్తాను. వాననీళ్ళు నిలవకుండా పోయేలా కాలవలు తవ్వు."

బల్లన్న తవ్వాడు. పిట్టలు తన మీదుగా ఎగిరి పోతున్నా తల ఎత్తకుండా తవ్వాడు. ఆ కాలవల గట్ల మీద జంతువులన్నీ తలా ఒక కొమ్మ నాటాయి. మళ్ళీ ఎండలు ముదిరేసరికి, చూపు ఆనినంత దూరం ఎరుపే.

నీతి: కాపలా పేరుతో ఒకడు కబ్జా చేసింది కుళ్ళిపోతుంది, పదిమంది నేలకు పంచినది ఎండనూ వాననూ గెలుస్తుంది.