ఫ్యాను లేని విమానం, ముగ్గురు వడ్రంగులు

కొత్తమెరకలో తన ఇంటికున్నంత తెలివి ఇంకే ఇంటికీ లేదని జోగులుకు గట్టి నమ్మకం. ఊళ్ళో ఇంటికొక్క తెలివైనవాడు ఉంటేనే గొప్ప. వాళ్ళింట్లో ఏకంగా ముగ్గురు: జోగులు, తమ్ముడు సన్నాసి, చిన్న తమ్ముడు గవరయ్య. ముగ్గురూ వడ్రంగులే. జోగులు పెళ్ళాం ఎర్రమ్మను కలిపితే నలుగురవుతారు గాని, ఆవిడ తన తెలివంతా వంటకే వాడేస్తుందని లెక్కలోకి తీసుకోలేదు.

సాక్ష్యం కావాలా? అవి యుద్ధం రోజులు. జపాను వాళ్ళు సముద్రం మీద నుంచి వచ్చి బాంబులేస్తారు, పొద్దుగూకాక ఏ ఇంట్లోంచీ వెలుతురు కనబడకూడదు అని దండోరా వేశారు. ఊరంతా కిటికీలకు గోనెపట్టాలు కట్టుకుని ఉక్కపోతతో చచ్చింది. జోగులు ఒక్క నిమిషం ఆలోచించాడు. అంతే. ఇంట్లో ఉన్న రెండు లాంతర్లూ తెచ్చి వీధరుగు మీద పెట్టి, తను లోపలికెళ్ళి చీకట్లో కూర్చున్నాడు. ఇంట్లోంచి చుక్క వెలుతురు వస్తే ఒట్టు. చూడ్డానికొచ్చిన పోలీసాయన నెత్తి కొట్టుకుని వెళ్ళిపోయాడు. మెచ్చుకోవడానికి మాటలు దొరకలేదు కాబోలు అనుకున్నాడు జోగులు.

ఊరు మాత్రం వాళ్ళని బుర్రతక్కువోళ్ళు అనేది. అత్తారింటికెళితే బావమరుదులు అన్నం వడ్డించి, "కలుపుకుని తిను బావా, ఎవులూ సెప్పనేదని ఊరుకోకు" అని నవ్వేవాళ్ళు. జోగులు తలొంచుకుని తినేవాడు. చాలా బాధపడేవాడు పాపం.

అలాంటివాడికి, తమ్ముళ్ళతో సహా, ఊరి పక్క విమానాలు దిగే ఏరోడ్రోములో వడ్రంగి పని దొరికింది. అక్కడి స్టోరు గుమాస్తా లింగమూర్తి మొదటి రోజే ఒక మాటన్నాడు. "చెప్పింది చెప్పినట్టు చెయ్యి జోగులూ. ఛాతీ మీద పెట్టుకునే ఇత్తడి బిళ్ళ ఇప్పిస్తాను. సర్కారు బిళ్ళ!"

ఇంకేముంది, జోగులుకు నిద్రాహారాల్లేవు. సర్కారు బిళ్ళ ఉన్నవాణ్ణి బుర్రతక్కువోడని ఎవరనగలరు? అనమను చూద్దాం!

ఒకనాడు పెద్ద పెద్ద పెట్టెల్లో ముక్కలుముక్కలుగా ఒక విమానం వచ్చింది. దాన్ని నడిపే కుర్రదొర, అతని మనుషులు షెడ్డులో బిగించి నిలబెట్టారు. అన్నదమ్ములు దాని చుట్టూ మూడుసార్లు తిరిగి చూశారు. ముక్కుంది. తోకుంది. రెక్కకొకటి చొప్పున పీపాల్లాంటి గొట్టాలున్నాయి. ముందు గిర్రున తిరగాల్సిన ఫ్యాను మాత్రం లేదు.

"దార్లో ఎవుడో కొట్టేసినాడు," అన్నాడు సన్నాసి.

లింగమూర్తి గబగబా షెడ్డు తలుపులు వేయించాడు. "ఎవడూ కొట్టెయ్యలేదు. దీనికసలు ఫ్యానే ఉండదు. ఇది జెట్టు. కిరసనాయిలు తాగి, ముందు నుంచి గాలి పీల్చి, వెనక నుంచి సెగ వదులుతూ పోతుంది. దొరల సీమలో ఇలాంటివే, మనిషి లేకుండా ఎగిరొచ్చే జర్మనీ బాంబుల్ని తరిమి కూలుస్తున్నాయి. మన ఎండల్లో ఎలా ఎగురుతుందో చూడ్డానికి ఇక్కడికి పంపారు. దీనికి ఫ్యాను లేదన్న సంగతి ఊళ్ళో ఒక్కడికీ తెలియకూడదు. నేల మీద ఉన్నప్పుడు ముక్కుకు తగిలించడానికి మీరో కొయ్య ఫ్యాను చెయ్యండి. అచ్చం నిజందానిలా ఉండాలి. శుక్రవారం పెద్దదొర వస్తాడు. అందాకా గుట్టు నిలిస్తే బిళ్ళ నీదే."

అన్నదమ్ములు తిన్నగా షెడ్డు వెనకాల పడున్న పాత విమానం దగ్గరికెళ్ళి దాని ఫ్యాను చూసుకున్నారు. రెండు రోజులు కష్టపడి టేకుతో మూడు రెక్కల ఫ్యాను చేశారు. నున్నగా చిత్రిక పట్టి నల్ల రంగేశారు. ఎంత ముచ్చటగా ఉందో! తీరా చూస్తే ఒక రెక్క కొస లేదు.

"ఇది విరిగిందేమిట్రా?" అన్నాడు లింగమూర్తి.

"ఊరికినే ఇరగనేదు బాబూ," అన్నాడు జోగులు చెమట తుడుచుకుంటూ. "ఆ పాతదానికి ఇరిగుంది గదా. గొడ్డలెట్టి నాలుగు దెబ్బలు కొడితే గాని దీనిది రానేదు."

మళ్ళీ చేయించే వ్యవధి లేదు. లింగమూర్తి దాన్నే తగిలించమన్నాడు.

ఇక గుట్టు సంగతి. ఊళ్ళో ఒక్కడికీ తెలియకూడదన్నారు. మరి తెలియలేదని ఎలా తెలుస్తుంది? అడగాలి. అంతే, మర్నాడు పొద్దున్నే ముగ్గురూ ఇల్లిల్లూ తిరిగారు.

"ఏటమ్మా, మా జెట్టుకి ఫ్యాను నేదని నీకు తెలుసా?"

"తెల్దే!"

"హమ్మయ్య. అలగే తెలీకుండా ఉండు."

ఊరు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కడికీ తెలియదు. జోగులుకు ప్రాణం లేచొచ్చింది. కానీ పనివాడంటే రెండోసారి సరిచూసుకోవాలి కదా? సాయంత్రం మళ్ళీ తిరిగారు. ఇంకేముంది, ప్రతి ఇంట్లోనూ తెలుసు! మంగలి నరసయ్యయితే, ముక్కుకు తగిలించింది కొయ్యదనీ, రెక్క కొస గొడ్డలితో కొట్టారనీ కూడా చెప్పాడు.

జోగులు పరుగున వెళ్ళి లింగమూర్తి ముందు కూలబడ్డాడు. "బాబూ, పొద్దున్న ఎవులికీ తెల్దు. సాయంత్రానికి అందరికీ తెలిసిపోనాది. మద్దినేళ ఎవుడో దొంగ ఎదవ సెప్పేసుంటాడు!"

లింగమూర్తి తల పట్టుకున్నాడు. చివరికి, "ఊరందరినీ రమ్మను. ఫ్యాను ఉందని కళ్ళారా చూసి పొమ్మను," అన్నాడు.

బుధవారం పొద్దున ఊరంతా కంచె దగ్గరికొచ్చింది. ముక్కుకు ఫ్యాను ఉంది. నరసయ్య కళ్ళు చికిలించి, "ఇది నిజం ఫ్యానేనంటావా జోగులూ?" అన్నాడు.

"నిజం ఫ్యానే! నా సేతుల్తో నానే సేసినాను, నాకు తెల్దా?" అన్నాడు జోగులు.

ఊరు ఇంకా కదలకముందే కుర్రదొర వచ్చి విమానం ఎక్కాడు. కదిలే ముందు ఫ్యాను తియ్యమని లింగమూర్తి ముందే చెప్పాడు గనక అన్నదమ్ములు తీసేశారు. విమానం ఈల వేసినట్టు కూత పెట్టి, మంటా మసీ లేకుండా రివ్వున లేచిపోయింది.

"అయ్యో, ఫ్యాను ఇక్కడే ఒగ్గేసి ఎలిపోనాడే!" అని జనం గోల పెట్టారు.

జోగులు లబోదిబోమన్నాడు. గుట్టు పోయింది. బిళ్ళ పోయింది. "ఒగ్గెయ్యనేదు! ఫ్యాను దాంతోటే ఉంది!" అని అరిచి, ఫ్యాను భుజానికెత్తాడు. సన్నాసి రెండో పక్క పట్టాడు. గవరయ్య ముందు నిలబడి రెక్కలు తిప్పాడు. విమానం తూర్పుకెళితే ముగ్గురూ తూర్పుకు, పడమరకెళితే పడమరకు. మైదానమంతా ఒకటే పరుగు. ఆఖరికి రొప్పుతూ ముగ్గురూ కిందపడ్డారు. సరిగ్గా అప్పుడే విమానం కూడా దిగింది.

"ఓహో," అన్నాడు నరసయ్య. "కింద ముగ్గురు తిప్పితే గాని పైన అది ఎగరదన్నమాట!"

ఊరంతా అవునంది. లింగమూర్తి చెవిన ఆ మాట పడి, ఎన్నాళ్ళకో నవ్వాడు. శత్రువు గూఢచారి ఈ ఊరొచ్చి ఎవర్నడిగినా ఇక భయం లేదు. కానీ ఆ మాట జోగులు చెవిన కూడా పడింది. అతను నవ్వలేదు. మేం పడితే అదీ దిగిపోయింది, ఇంతకన్నా రుజువేం కావాలి, అనుకున్నాడు.

శుక్రవారం పెద్దదొర వచ్చాడు. ఆయన ముందు ఈ పరుగు కనబడితే తన ఉద్యోగానికే మోసమని లింగమూర్తి ఆ పూట కొయ్య ఫ్యానును స్టోరులో పెట్టి తాళం వేశాడు. మైదానం పక్కన మూడు కర్రకుర్చీలు వేయించాడు. "విమానం దిగేదాకా ఈ కుర్చీల్లోంచి లేవకూడదు. లేచారో, బిళ్ళ లేదు." బిళ్ళ తీసి చూపించి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. అది ఎండకు తళుక్కుమంది.

విమానం లేచింది. జోగులు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. పైన కుర్రదొర. ఎర్రమ్మ పంపిన జంతికలు తిని, "గుడ్డు, గుడ్డు" అని డబ్బా ఖాళీ చేసిన దొర. ఎవరి కన్నబిడ్డో! కింద తిప్పేవాడు లేడు. విమానం మలుపు తిరుగుతూ ఒక పక్కకు ఒరిగింది.

"అన్నా, పడిపోతాడే!" అన్నాడు గవరయ్య ఏడుపు గొంతుతో.

జోగులుకు కళ్ళనీళ్ళు తిరిగాయి. లేస్తే బిళ్ళ పోతుంది, జన్మంతా బుర్రతక్కువోడే. లేవకపోతే దొర ప్రాణం పోతుంది. అలాంటి వేళ మామూలు మనిషైతే ఏదో ఒకటి వదులుకునేవాడు. జోగులు అలా కాదు.

"ఒరే, లెగొద్దన్నారు గాని, పరిగెత్తొద్దననేదు గదా!" అన్నాడు.

అంతే. ముగ్గురూ తలగుడ్డలు విప్పి, పొరపాటున కూడా లేవకుండా, నడుముల్ని కుర్చీలకు బిగించి కట్టుకున్నారు. వంగి, కుర్చీలు వీపున పెట్టుకుని, ఫ్యాను లేదు కనుక చేతులే గిరగిరా తిప్పుకుంటూ, విమానం కింద పరుగు లంకించుకున్నారు. కంచె అవతల ఊరు ఊరంతా, "బేగి! బేగి తిప్పండ్రా!" అని కేకలు పెట్టింది. పెద్దదొర చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది.

విమానం క్షేమంగా దిగింది. కుర్రదొర నవ్వుకుంటూ కిందికి దూకాడు. అతన్ని ప్రాణాలతో చూసేసరికి జోగులు కడుపు నిండిపోయింది. ఉరుక్కుంటూ, ఆ కుర్చీతోనే పెద్దదొర ముందుకొచ్చి, బిళ్ళ కోసం ఛాతీ ముందుకు పెట్టి నిలబడ్డాడు. తమ్ముళ్ళు చెరో పక్కా నిలబడ్డారు.

పెద్దదొర లింగమూర్తి వైపు తిరిగి ఏదో అడిగాడు. లింగమూర్తి ముగ్గురి వైపూ తిరిగాడు.

"ఏం చేస్తున్నార్రా మీరు?" అన్నాడు.

జోగులు రొప్పు ఆపుకుని, వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"కూకున్నాం బాబూ."