షెడ్డు కిటికీ

చెన్నకేశవయ్యగారు ఎవరి ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పరు. ముందు అడిగిన మనిషి ముఖం చూస్తారు. ఆ సాయంత్రం వాసుదేవరావు ముఖం చాలాసేపే చూశారు.

వాసుదేవరావు మునిసిపల్ ఆఫీసులో ఇంజనీరు. చాలాకాలంగా ఆయన దగ్గర వేదాంత పాఠం వింటున్నాడు. "గురువుగారూ, ఇదివరకు జనం వచ్చి తమకు జరిగిన అన్యాయం చెప్పుకుంటే నాకు ఒళ్ళు మండేది. అన్నం సహించేది కాదు. ఇప్పుడు ఎంత విన్నా మనసు చలించడం లేదు. నేను కోపాన్ని జయించినట్టేనా?" అని అడిగాడు. ఆ గొంతులో కాస్త సంతోషం కూడా ఉంది.

గురువుగారు ఔననలేదు, కాదనలేదు. ఒక సంగతి చెప్పారు.

"నేను హైదరాబాదు శివార్లలో ఉన్నప్పుడు మా వీధి చివర గంగాధర్ అనే వ్యాపారి షెడ్డు ఉండేది. ఇళ్ళలో పాడైపోయిన టీవీలు, ఫోన్లు, కంప్యూటర్లు బస్తాలకొద్దీ అక్కడికి వచ్చేవి. ఆడవాళ్ళు వాటిని పగలగొట్టి, లోపలి సర్క్యూట్ పలకలు ఊడదీసి, బంగారు పూత ఉన్న ముక్కల్ని కత్తిరించి యాసిడ్ తొట్లలో వేసేవారు. ఎర్రటి పొగ లేచేది. తొట్టి అడుగున మిగిలిన పొరల్ని వడగట్టి కరిగిస్తే శనగగింజంత బంగారం వచ్చేది. బంగారం గంగాధర్‌ది. పొగ ఆడవాళ్ళది. మిగిలిన యాసిడ్ వెనకాల కాలవది.

ఆ షెడ్డు పక్కనే ప్రశాంత మందిరం. దాన్ని నడిపేది కోటిలింగంగారు, రిటైరైన లెక్చరర్. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. రోజూ ఉదయం చాలామంది వచ్చి ఆయనతో కలిసి ధ్యానం చేసేవారు. గంగాధర్ కూడా వచ్చి కాళ్ళకు దండం పెట్టి పోయేవాడు. ఒకరోజు కోటిలింగంగారు అతన్ని పిలిచి, 'నాయనా, మీ కిటికీలోంచి వాసన వస్తోంది, సాధకులకు ఏకాగ్రత కుదరడం లేదు' అన్నారు. గంగాధర్ సాయంత్రానికల్లా ఆ కిటికీకి ఇటుకలు పెట్టి మూయించేశాడు. షెడ్డుకు ఉన్నది ఆ ఒక్క కిటికీయే.

అక్కడ పనిచేసేవాళ్ళలో నర్సవ్వ, ఆమె కోడలు లింగమణి ఉన్నారు. కిటికీ మూశాక లింగమణికి దగ్గు పట్టుకుంది. నర్సవ్వ మందిరానికి వచ్చి గుమ్మం బయటే నిలబడి, 'అయ్యా, మా పిల్లకు దమ్ము ఆడుతలేదు. సేటు మా మాట ఇనడు, మీ మాట ఇంటడు. ఆ కిటికీ తెరిపియ్యమని ఒక్క మాట చెప్పుండ్రి' అని బతిమాలింది. కోటిలింగంగారు చిరునవ్వుతోనే, 'తల్లీ, ఆందోళన పడకు. మనసు కుదుటపడితే శ్వాస దానంతటదే కుదుటపడుతుంది' అన్నారు. ఇంత విబూది కూడా పెట్టారు.

గురుపూర్ణిమకు గంగాధర్ మందిరంలోని ఓంకారానికి బంగారు పూత పూయించాడు. అందరూ దాని ఎదుట కళ్ళు మూసుకు కూర్చున్నారు. అప్పుడు షెడ్డులో లింగమణి పడిపోయింది. నర్సవ్వ, ఇంకొకామె కలిసి ఆమెను మోసుకొచ్చి మందిరం గచ్చుమీద పడుకోబెట్టారు. అక్కడైతే గాలి ఉంటుందని. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయి. అలికిడికి కోటిలింగంగారు కళ్ళు తెరిచి చూశారు. చూసి, నోటిమీద వేలు పెట్టుకుని, చప్పుడు చేయవద్దని సైగ చేశారు.

నర్సవ్వ ఆ వేలిని చూసింది. 'మీ శాంతి మంటగలువ! పిల్ల సస్తాంది, కండ్లు తెరువుండ్రి!' అని అరిచింది. వీధి వీధంతా వినిపించింది ఆ అరుపు.

అందరూ కళ్ళు తెరిచారు. వాళ్ళలో ఒకామె ఆసుపత్రి నర్సు. ఆమె లింగమణిని ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. మిగిలినవాళ్ళు మొదటిసారి ఆ షెడ్డులోకి వెళ్ళారు. రెండు క్షణాలు నిలవలేక, కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చారు. ఒకాయన గునపం తెచ్చి, కిటికీకి కట్టిన ఇటుకలు పగలగొట్టాడు. తర్వాత అందరూ కలిసి వెళ్ళి, షెడ్డుకు తాళం పడేదాకా అధికారుల గుమ్మం వదల్లేదు. గంగాధర్ తన తొట్లను లారీకెత్తి మరో పేటకు పోయాడని తర్వాత విన్నాను. లింగమణి బతికింది. ఇప్పటికీ ఒక మాట పూర్తిచేయాలంటే మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుందట."

వాసుదేవరావు తల వంచుకుని కూర్చున్నాడు. అడిగినప్పటి సంతోషం ముఖంలో లేదు. మెల్లగా, "ఇంత జరిగినా కోటిలింగంగారికి కోపమే రాలేదా?" అన్నాడు.

"రాకేం, వచ్చింది," అన్నారు చెన్నకేశవయ్యగారు. "నర్సవ్వ మీద. ధ్యానం చెడగొట్టిందని."