కుడిచేతి గోళ్ళు

తబితకి ఒకటే దిగులు. తన గిటారు ఎవరికీ వినబడదని.

ఆ దిగులు ఊరికే పుట్టలేదు. పోయిన వేసవిలో కాకినాడలో పిల్లల గిటారు పోటీ పెడితే తనూ వాయించింది. మనిషికి మూడే నిమిషాలు. మైకు ఉండదు, కరెంటు గిటార్లు కూడవు. ఆ హాల్లో ఫ్యాన్లు పాతకాలపువి, తిరుగుతుంటే పిండిమర పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. వాటి మీద నెగ్గాలని పాపం తీగల్ని బాదింది, కంగారుపడింది, పాటని పరుగెత్తించింది. అంతా అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దమనిషి లేచి, "అమ్మాయి వేళ్ళు చకచకా కదిలాయండీ. వినబడుంటే ఇంకా బాగుండేది" అన్నాడు. హాలంతా నవ్వింది.

పెద్దవాళ్ళు చమత్కారం చేశామనుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతారు. ఆ మాట చిన్నపిల్ల గుండెలో ఎన్నాళ్ళు ఉండిపోతుందో వాళ్ళకేం తెలుసు! తబిత ఏడాదంతా దాన్ని మోసింది. వచ్చే ఏటికి పోటీ వయసు దాటిపోతుంది. ఉన్నది ఈ ఒక్క వేసవే.

"చివరి వరసలో వాళ్ళకి కూడా వినబడాలంటే ఏం చెయ్యాలి మాస్టారూ?" అని సత్యానందం మాస్టారిని అడిగింది.

"చూద్దాంలే అమ్మా" అన్నారాయన.

సత్యానందం మాస్టారు జగన్నాథపురంలో ఉంటారు. ఆదివారాలు చర్చిలో గిటారు వాయిస్తారు, మిగతా రోజులు పిల్లలకి నేర్పుతారు. ఆయన ఎడమచేతి గోళ్ళు మామూలే. కుడిచేతి గోళ్ళు మాత్రం పొడుగ్గా, నున్నగా మెరిసిపోతుంటాయి. వాటిని సన్నటి ఉప్పు కాగితంతో రుద్దుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు. విరుగుతాయన్న భయంతో అన్నం కూడా చెంచాతోనే తింటారు. "మా దొరగారికి వడ్డించొస్తానుండండి" అని ఆయన భార్య కరుణమ్మ ఇరుగుపొరుగు దగ్గర ఆటపట్టిస్తూ ఉంటుంది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ గోళ్ళతో మీటితే తీగ ఖంగుమంటుంది. చర్చి బయట చెప్పులు విడిచే చోట నిలబడ్డా వినబడుతుంది.

రహస్యం దొరికిపోయిందనుకుంది తబిత. తనూ గోళ్ళు పెంచింది. అంట్లు తోమడం మానేసింది. చింతపండు పిసకనంది. చెంచాతో తినడం మొదలుపెట్టింది. "పోటీ అవనీ, ఈ వీధిలో అంట్లన్నీ నీ చేతే తోమిస్తాను" అని వాళ్ళమ్మ తిడుతూనే పని అంతా తను చేసుకుంది. గోళ్ళు పెరిగేకొద్దీ శబ్దం పెరిగింది, శబ్దంతో పాటు ధైర్యమూ వచ్చింది. పాఠానికి వచ్చినప్పుడల్లా వేళ్ళు చాచి చూసుకుని మురిసిపోయేది.

మాస్టారు చూసేవారు. పాఠం మొదలుపెట్టేవారు.

పోటీకి ముందురోజు పొద్దున్నే గిటారు సంచీ జిప్పు ఇరుక్కుంది. లాగింది. పటుక్కున నడివేలి గోరు సగానికి విరిగి చేతిలోకొచ్చింది. చింతపండు దగ్గరా, గిన్నెల దగ్గరా ఇన్నాళ్ళు కాపాడుకున్న గోరు గిటారు సంచీ దగ్గరే పోయింది.

ఆ ముక్కని కాగితంలో పొట్లం కట్టుకుని మాస్టారింటికి పరుగెత్తింది. ఏడుపు ఆగడం లేదు.

"ఇరిగిపోయిందండీ మాస్టారూ. నేనింక ఎళ్ళనండీ రేపు. మళ్ళీ అందరూ నవ్వుతారు."

మాస్టారు పొట్లం విప్పి ముక్కని చూశారు. మళ్ళీ జాగ్రత్తగా మడిచి ఇచ్చేశారు. అతికిస్తారేమోనని ఆ పిల్ల ఆశగా ఆయన మొహంలోకే చూస్తోంది.

ఆయన లేచి అలమరలోంచి నెయిల్ కట్టర్ తీశారు. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చున్నారు. తన కుడిచేతి బొటనవేలి గోరు కత్తిరించారు. తర్వాత చూపుడువేలిది. తబితకి ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి నడివేలిది కూడా అయిపోయింది.

"మాస్టారూ! వద్దండీ! ఆదివారం చర్చిలో..."

ఆయన ఆగలేదు. చప్పుడికి కరుణమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నేల మీద పడున్న గోళ్ళు చూసి నోరు నొక్కుకుంది.

"మా పెళ్ళికి కత్తిరించమని మా అమ్మ బతిమాలితే కత్తిరించలేదీ మనిషి!" అంది.

మాస్టారు గిటారు ఒళ్ళోకి తీసుకున్నారు. తబిత పోటీకి సిద్ధం చేసుకున్న పాటే, ఆయన కట్టిన చిన్న వరస, మొదలుపెట్టారు. ఉత్త వేళ్ళతో, మెత్తటి చివర్లతో. ఎప్పుడూ ఖంగుమనే గిటారు ఇప్పుడు పసిపిల్లని నిద్రపుచ్చే గొంతుతో మాట్లాడుతోంది. తబిత ముందుకి వంగింది. సగం వినబడుతోంది, సగం ఫ్యాను గాలికి కొట్టుకుపోతోంది. అయినా ఆయన గట్టిగా మీటలేదు సరికదా, ఇంకాస్త తగ్గించారు.

తబిత లేచి గోడ దగ్గరికెళ్ళి ఫ్యాను స్విచ్ నొక్కింది. మళ్ళీ వచ్చి నేల మీద కూర్చుంది. ఫ్యాను నెమ్మదిగా ఆగిపోయింది. పాట చివరిదాకా వింది.

మాస్టారు తీగల మీద అరచెయ్యి ఆనించారు.

"ఫ్యానెవరు ఆపమన్నారమ్మా?"

తబిత పైకి చూసింది. మే నెల ఎండ, గదిలో ఊపిరాడటం లేదు. గుమ్మంలో కరుణమ్మ పైటచెంగుతో మెడ తుడుచుకుంటోంది.

"ఎవరూ ఆపమన్లేదండీ" అంది.

కుడిచేతికి మిగిలిన గోళ్ళ వంక చూసుకుంది. తర్వాత తబిత చెయ్యి చాచింది. మాస్టారు ఆ చేతిలో నెయిల్ కట్టర్ పెట్టారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసి వాయించుకున్నారు. కరుణమ్మ వేడన్నం, కొత్తావకాయ, ముద్దపప్పు పెట్టింది. అలవాటుగా చెంచా తెచ్చి పక్కన పెడితే మాస్టారు దాన్ని అవతలికి తోసేశారు. అన్నంలో చెయ్యి పెట్టి, పప్పూ ఆవకాయా కలిపి, పెద్ద ముద్ద చేసుకుని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

"కరుణా, ఎన్నేళ్ళయిందే!" అన్నారు.

తబిత నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ గోళ్ళు మళ్ళీ అంత కావాలంటే ఎన్నాళ్ళు పడుతుందో తనకంటే బాగా ఎవరికి తెలుసు?

మర్నాడు హాలు కిక్కిరిసి ఉంది. అవే ఫ్యాన్లు, అదే పిండిమర. తబిత కంటే ముందు వాయించినవాళ్ళంతా తీగలు తెగుతాయేమో అన్నంత గట్టిగా వాయించారు. ముందు వరసలో పోయినేటి పెద్దమనిషే కూర్చుని విసనకర్రలా అట్టముక్క ఊపుకుంటున్నాడు. తబితని గుర్తుపట్టి పక్కాయనతో ఏదో అని నవ్వాడు.

తబిత వేదిక మీద కుర్చీలో కూర్చుంది. మొదలుపెట్టింది. తన పాట తనకే సరిగ్గా వినబడలేదు. చెయ్యి దానంతటది గట్టిగా కొట్టబోయింది. ఆపుకుంది. పోయినేడాది నవ్వులు చెవిలో మోగాయి. ఇంకొక్కసారి నవ్వించుకుంటే జన్మలో గిటారు ముట్టుకోలేననిపించింది. అయినా సరే, ఇంకాస్త తగ్గించింది.

అట్టముక్క ఊపడం ఆగింది. పెద్దమనిషి ముందుకి వంగాడు. చెవి పక్కన చెయ్యి పెట్టుకున్నాడు. అదీ చాల్లేదు కాబోలు, కుర్చీ చప్పుడవకుండా లేచి వేదిక పక్కనున్న స్విచ్ బోర్డు దగ్గరికి నడిచి, తన నెత్తిమీద ఫ్యాను ఆపాడు. వెనకాల ఎవరో ఇంకోటి ఆపారు. తర్వాత ఇంకోటి. ఒక్కటొక్కటిగా రెక్కలు నిలిచిపోయాయి. పసిపిల్లని ఎత్తుకున్న ఒకావిడ నడవలోనే ఆగిపోయింది.

ఆ ఉక్కలో, ఆ నిశ్శబ్దంలో, తబిత గిటారు చివరిదాకా వినిపించింది. ఆఖరి తీగ మోత పూర్తిగా ఆరిపోయేదాకా ఒక్కరు కూడా కదల్లేదు. చప్పట్లయ్యాకే ఎవరికో ఎండాకాలం గుర్తొచ్చి, "అమ్మయ్యా, ఫ్యాన్లు వెయ్యండి బాబూ!" అన్నారు.

బహుమతులు చెప్పడానికి ఇంకా టైముంది. తబిత అందాకా ఆగలేదు. వేదిక దిగి, జనాన్ని తప్పించుకుంటూ హాలు చివరికి వచ్చింది. ఆఖరి వరసలో గోడవార కుర్చీలో మాస్టారు ఉన్నారు.

"వినబడిందా మాస్టారూ?"

ఆయన తలెత్తి పైనున్న ఫ్యాను వంక చూశారు. వంటికి అంటుకుపోయిన చొక్కాని వేళ్ళతో పట్టుకుని కొంచెం పైకి లాగి చూపించారు. నిలువునా తడిసిపోయి ఉంది.