ట్రేలో మిగిలిన అల్లం టీ

పిల్లలూ, రెండు వరసల్లో మనుషులు జతలు జతలుగా నడుస్తున్నారనుకోండి. ఒక వరసలో నడుమనుంచి ఒకడు తప్పుకుంటే ఏమవుతుంది?

“వాడి జతగాడు ఒంటరిగా మిగులుతాడు అమ్మమ్మా” అన్నాడు మా పెద్ద మనవడు. చాలామంది అలాగే అంటారు. నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు నేర్చుకున్న నస్రీన్ కూడా, పెద్దదై ఉద్యోగంలో చేరాక, అదే అనుకుంది.

ఆమె పనిచేసేది కాకినాడలో ఒక చిన్న కంపెనీలో. చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్న రక్తపరీక్ష కేంద్రాల సర్వర్లను చూసుకోవడం వాళ్ళ పని. ఊరూరా తిరిగి వాటిని సర్దే బదులు, ఆఫీసులో కూర్చుని ఒక స్క్రిప్టు, అంటే కంప్యూటరు చెయ్యాల్సిన పనుల చిట్టా, రాసి నడిపితే చాలు, అదే వరసగా అన్నిటి దగ్గరికీ వెళ్ళి చెప్పిన పని చేసి వస్తుంది. ఆ విద్యలో నస్రీన్‌కు గురువు కృపావరం గారు. ఆయనకొక అలవాటు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు.

ఆ రోజు నస్రీన్ సొంతంగా రాసిన మొదటి స్క్రిప్టు నడపాలి. ఒక జాబితాలో కేంద్రాల పేర్లు పెట్టుకుంది. ఇంకో జాబితాలో, ఏ కేంద్రం రిపోర్టులు ఏ డాక్టరుగారి మెయిలుకు చేరాలో ఆ చిరునామాలు. స్క్రిప్టు మొదటి పేరుకు మొదటి చిరునామా, రెండో పేరుకు రెండోది జతచేసుకుంటూ కిందికి దిగుతుంది. కృపావరం గారు అది చూసి, “ప్రతి పేరు పక్కనే దాని చిరునామా రాసెయ్యమ్మా, ఒకటే జాబితా చాలు” అన్నారు.

“ఎందుకు సార్? రెండూ ఒకే వరసలో ఉన్నాయిగా! ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ రాయాలి. సాయంత్రంలోగా నడపకపోతే రేపు పొద్దున్న ఒక్క రిపోర్టూ కదలదు.”

“నిజమే. ముందు మనవాళ్ళు ముగ్గురికీ టీ పట్రా” అన్నారాయన.

ఆ గదిలో గోడ వైపు తిరిగి కూర్చునేలా ఒక పొడుగాటి బల్ల. ఫ్యాను కింద సూర్యారావు, అతని పక్కన జిలానీ, ఆ పక్కన వీరవేణి. సూర్యారావు పంచదార దండిగా వెయ్యమన్నాడు. “నాకు అసలొద్దు తల్లీ, డాక్టరు మొన్ననే తిట్టాడు” అన్నాడు జిలానీ. వీరవేణి అల్లం టీ అడిగింది. నస్రీన్ కింద కొట్లో టీలు పట్టించి, వాళ్ళు కూర్చున్న వరసలోనే గ్లాసులు ట్రేలో పేర్చింది.

ఈలోగా సూర్యారావుకు ఫోనొచ్చింది, బయటికి వెళ్ళాడు. కాకినాడ ఎండల్లో ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అయితే ఎవరూ ఊరుకోరు. జిలానీ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని అందులోకి జరిగాడు. జిలానీ కుర్చీలోకి వీరవేణి జరిగింది. కృపావరం గారు చూస్తూనే ఉన్నారు. ఆ ఫోను ఎవరు చేశారన్నది నస్రీన్‌కు ఇప్పటికీ తెలియదు.

ఆమె ధ్యాసంతా స్క్రిప్టు మీద. వెనకనుంచి వచ్చి, వరసగా గ్లాసులు పెట్టుకుంటూ పోయింది. చివర ఒకటి మిగిలింది. “కొట్టాయన ఒకటి ఎక్కువిచ్చినట్టున్నాడు సార్, మీరు తాగుతారా?” అంది, సంబరంగా.

“యా అల్లా, ఇది టీయా, పాకమా!” జిలానీ ఒక గుక్క మింగి లేచి నిలబడ్డాడు. “నామీద నీకేం కోపం తల్లీ?”

“పాకం నీకొచ్చిందా? నాకు చప్పిడి పథ్యం వచ్చింది. నా అల్లం వాసన ఆ ట్రేలోంచి వస్తోంది” అంది వీరవేణి.

వాళ్ళిద్దరూ నవ్వుకున్నారు. నస్రీన్ నవ్వలేదు. చేతిలోని ట్రే కింద పెట్టి, తన రెండు జాబితాలనూ పక్కపక్కన తెరిచి, అడుగు దాకా దిగింది. చిట్టచివరి చిరునామాకు ఎదురుగా పేరు లేదు. పిఠాపురం కేంద్రం పోయిన వారమే మూతపడింది. ఆమె పేరు తీసేసింది కానీ చిరునామా తియ్యడం మరిచిపోయింది. స్క్రిప్టు నడిపి ఉంటే, అక్కడినుంచి కిందికి ప్రతి చిరునామా ఇంకొకరిదయ్యేది. తుని వాళ్ళ రిపోర్టు పిఠాపురం డాక్టరుకు, సామర్లకోట వాళ్ళది తుని డాక్టరుకు పోయేది. చివర మిగిలినదాన్ని వదిలేసి, పని పూర్తయిందని స్క్రిప్టు నిమ్మళంగా ఆగిపోయేది. షుగరు మించిపోయిన మనిషి ఎవరో, తన డాక్టరునుంచి కబురు వస్తుందని ఎదురుచూస్తూ కూర్చునేవాడు.

ఒక్కో పేరూ దాని చిరునామాతో కలిపి రాసుకుంటూ వచ్చింది. పూర్తయ్యేసరికి సాయంత్రమైంది. నడిపే ముందు కృపావరం గారి వైపు తిరిగింది.

“అది కాదు సార్, ఏదో తేడాగా ఉందని స్క్రిప్టే అరిచి చెప్పొచ్చుగా? జిలానీ గారు అరవలేదూ?”

“జిలానీకి నాలుక ఉందమ్మా” అన్నారు కృపావరం గారు.

అంతేనా అంటారా పిల్లలూ, అంతే. లెక్క చెప్పడం నా పని, తేల్చుకోవడం మీ పని. చిక్కుడుకాయలు సగం ఒలిచి వదిలేశాను, లేవనివ్వండి.