భ్రమరాంబ టీచరు గాలిజల్లెడ

అనగనగా, రైలు ఆగీ ఆగనట్టు ఆగిపోయే ఒక ఊళ్ళో, కళ్ళు కనపడని ఆడపిల్లల హాస్టలు ఒకటి ఉండేదే బుల్లీ. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెప్తాను.

ఆ పిల్లలకి వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల పుస్తకాలు కొన్ని ఉన్నాయి. సాంఘిక శాస్త్రానికి మాత్రం ఇంకా రాలేదు. అందుకని భ్రమరాంబ టీచరు రోజూ సాయంత్రం వాళ్ళ మధ్యలో కూచుని పాఠం చదివి వినిపించేది. వాళ్ళకి పుస్తకమంటే ఆవిడ గొంతే.

అలా ఉండగా ఆవిడకి బదిలీ అయింది. వారంలో వెళ్ళిపోవాలి. పరీక్షలేమో ముంచుకొస్తున్నాయి. పిల్లలు ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పుడు ఫర్జానా అని ఎనిమిదో క్లాసు పిల్ల, ప్రతిదానికీ ఎందుకూ ఎందుకూ అని ప్రాణం తీసే పిల్ల, అచ్చం నీలాగే, "టీచరండీ, మీ గొంతు ఇక్కడ పెట్టి వెళ్ళండి" అంది.

ఆ మాట టీచరు మనసులో నాటుకుపోయింది. మర్నాడే ఫర్జానా చెయ్యి పట్టుకుని శౌరయ్య రికార్డింగు గదికి వెళ్ళింది. శౌరయ్య ఆ ఊళ్ళో చర్చి పాటలూ, బట్టల కొట్ల ప్రకటనలూ రికార్డు చేసేవాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి.

టీచరు మైకు ముందు కూచుని "నా పేరు భ్రమరాంబ" అంది. డబ్. "భారతదేశం" అంది. డబ్. "ప్రజలు" అంది. మళ్ళీ డబ్. ప, ఫ, బ, భ వచ్చినప్పుడల్లా ఎవరో ఖాళీ బిందె మీద కొట్టినట్టు మోత. పాపం, తన పేరు తనే చెప్పుకోలేకపోయింది.

"ఒత్తులు తగ్గించి మెత్తగా చదవండమ్మా. ఈ రోజుల్లో ఒత్తులెవరు పలుకుతున్నారు?" అన్నాడు శౌరయ్య. తెలిసినవాడు చెప్పాడు కదా అని టీచరు ఒత్తులన్నీ మింగేసి, రెండు రోజుల్లో నాలుగు పాఠాలు చదివేసింది. మోత తగ్గింది.

ఆ తర్వాత ఫర్జానాకి వినిపించారు. స్పీకరు పెట్టెలోంచి టీచరు గొంతు, "పిల్లలూ, మీరే బావి పౌరులు" అంది.

ఫర్జానా కాసేపు ఆలోచించింది. "బావిలో పౌరులంటే కప్పలా అండీ?" అని అడిగింది.

శౌరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నువ్వూ నవ్వుతున్నావు, నవ్వు. టీచరు మాత్రం నవ్వలేదు. భావి అంటే రాబోయే కాలం, బావి అంటే నీళ్ళ బావి. కళ్ళున్న పిల్లయితే పుస్తకంలో అక్షరం చూసి దిద్దుకుంటుంది. ఈ పిల్లలు చెవిన పడిందే రాస్తారు. తప్పు నేర్పి వెళ్ళడం కంటే ఊరికే వెళ్ళిపోవడం నయం అనుకుంది. ఆవిడకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అన్నీ చెరిపెయ్యండి శౌరయ్య గారూ" అంది. రెండు రోజుల చాకిరీ నీళ్ళపాలైంది.

శౌరయ్యకి సిగ్గేసింది. అటక మీంచి ఒక అట్టపెట్టె దించి దుమ్ము దులిపాడు. అందులో మూడు పాప్ ఫిల్టర్లున్నాయి. నోట్లోంచి దూసుకొచ్చే గాలి మైకుకి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవన్నమాట. నేనైతే వాటిని గాలిజల్లెడలంటాను. "పాటలవాళ్ళు వద్దంటే పైన పడేశాను. ఏది మంచిదో నాకూ తెలీదమ్మా" అని ఒప్పుకున్నాడు.

మొదట స్పాంజి టోపీ తీసి మైకు నెత్తిన తొడిగారు. మోత తగ్గింది గానీ, టీచరు ముసుగు తన్ని మాట్లాడుతున్నట్టుంది. "శ ఏదో స ఏదో తెలీట్లేదండీ" అంది ఫర్జానా.

ఆ తర్వాత ఇనప జాలీది పెట్టారు. మాట చక్కగా వచ్చింది. కానీ స అన్నప్పుడల్లా వెనకాల సన్నగా ఏదో కూత. "ఎవరండీ ఈల వేసేది?" అంది ఫర్జానా.

మూడోది గుండ్రటి చట్రం. దానికి పల్చటి నైలాను గుడ్డ రెండు పొరలు బిగించి ఉంది. దాన్ని మైకుకి ఆనించి పెట్టారు. మళ్ళీ డబ్. శౌరయ్య "ఇంక నా వల్ల కాదు" అని కుర్చీలో కూలబడ్డాడు.

అప్పుడు ఫర్జానా లేచి వచ్చింది. టీచరు నోటి ముందు అరచెయ్యి పెట్టి "ప అనండి" అంది. చేతికి గాలి కొట్టింది. "మ అనండి" అంది. గాలి లేదు. నువ్వూ పెట్టుకుని చూడు. ప. మ. చూశావా మరి.

"టీచరండీ, గాలీ మాటా ఒకటేనా?"

"కాదమ్మా. గాలి ఎదురుగా తోసుకొస్తుంది. మాట నాలుగువైపులా పాకుతుంది."

"అయితే గాలి ఎక్కడ అలిసిపోతుందో చూద్దాం" అంది ఫర్జానా. నైలాను చట్రాన్ని టీచరు నోటి ముందు పట్టుకుని, రెండో చెయ్యి దాని వెనకాల ఆనించింది. టీచరు ప, ప, ప అంటూనే ఉంది. ఫర్జానా చెయ్యి కొంచెం కొంచెం వెనక్కి జరుపుతోంది. బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళ వెడల్పు, జరిపేసరికి గాలి తగలడం మానేసింది.

"మైకు ఇక్కడ పెట్టండి, నా చెయ్యి ఉన్నచోట" అంది ఆ పిల్ల. నోటికీ చట్రానికీ మధ్య ఇంకో బెత్తెడు తనే కొలిచి చూపించింది.

టీచరు భయపడుతూనే "మీరే భావి భారత పౌరులు" అంది. ఒత్తులన్నీ ఉన్నాయి, మోత లేదు. శ శలాగే ఉంది, స సలాగే ఉంది. "ఇన్నేళ్ళుగా మైకులు పెడుతున్నా, చెయ్యి అడ్డం పెట్టి చూడాలని తోచలేదు" అన్నాడు శౌరయ్య.

ఆ తర్వాత మిగిలిన రెండు రోజులూ రాత్రి పొద్దుపోయేదాకా, గోరువెచ్చటి నీళ్ళు తాగుతూ టీచరు పాఠాలన్నీ చదివింది. ఏడో రోజున రైలెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం హాస్టల్లో పిల్లలు, శౌరయ్య తెచ్చిపెట్టిన స్పీకరు పెట్టె చుట్టూ చేరారు. పాఠం మొదలైంది. టీచరు వాళ్ళ పక్కనే కూచుని చదువుతున్నట్టుంది. సగంలో ఆ గొంతు ఆగి, "అర్థమైందా?" అని అడిగింది. ఆ తర్వాత పెట్టెలోంచి ఏ చప్పుడూ లేదు. ఆ ఖాళీ కత్తిరించేస్తానని శౌరయ్య అంటే, టీచరే వద్దందట.

ఫర్జానాకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అందరితో కలిసి, "అయిందండీ" అంది.

"అయితే ముందుకి పోదాం" అంది టీచరు గొంతు.

కథ కంచికి పోయింది,
గాలి గుడ్డలో ఆగింది,
మాట చెవిలో మిగిలింది,
మా బుల్లికి నిద్రొచ్చింది.